గది కొలతలు మీకు ముందే పంపాను: స్పీకర్ల కంపెనీకి ఫిర్యాదు లేఖ

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,
నకలు: విశాఖపట్నం డీలర్ గారికి

విషయం: గదికి సరిపడని స్పీకర్లు అంటగట్టడం, అమర్చడంలో నిర్లక్ష్యం, మార్పిడికి నిరాకరించడం గురించి.

అయ్యా,

మీ కంపెనీ ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్ల (నేల మీద నిలబెట్టే ఎత్తైన టవర్ల) జత ఒకటి మీ విశాఖపట్నం డీలర్ దగ్గర 3,85,000 రూపాయలకి కొన్నాను. స్పీకర్లు చెడిపోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఫోన్ చేసిన ప్రతిసారీ మీ వాళ్లు "సౌండ్ వస్తోందా సార్? రెండింట్లోనూ వస్తోందా?" అని అడగడం, వస్తోంది అనగానే కంప్లయింట్ క్లోజ్ చేసేయడం రివాజైపోయింది. సౌండ్ వస్తోంది. రావాల్సిన దానికన్నా ఎక్కువే వస్తోంది. నా ఫిర్యాదు మీరిచ్చిన సలహా మీద.

కొనేముందు మీ కంపెనీ ఉచిత సలహా నంబరుకి గది వివరాలన్నీ వాట్సాప్‌లో పంపాను. వెడల్పు 11 అడుగులు, పొడవు 20, ఎత్తు 10. కింద మొజాయిక్ గచ్చు. కుడి గోడ పక్కింటి వాళ్లతో ఉమ్మడి, ఎడమ గోడకి మెట్లవైపు తెరుచుకునే గుమ్మం. ఫొటోలు కూడా పెట్టాను. మీ బుక్‌షెల్ఫ్ మోడల్ (స్టాండ్ల మీద పెట్టే చిన్న స్పీకర్లు) ఈ గదికి చాలుతుందా అని నేనే అడిగాను. దానికి వచ్చిన జవాబు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "20 అడుగులంటే పెద్ద గదే సార్. బుక్‌షెల్ఫ్‌కి బాస్ చాలదు. ఫ్లోర్‌స్టాండర్లే వేసుకోండి, మన వాళ్లు వచ్చి పొజిషన్ చేసి వెళ్తారు." ఆ మాట నమ్మే డబ్బు కట్టాను.

పెట్టెలో వచ్చిన మీ మాన్యువల్ ఏమంటోందో చూడండి. స్పీకర్‌కి పక్క గోడకి మధ్య కనీసం 75 సెంటీమీటర్లు, రెండు స్పీకర్ల మధ్య కనీసం 220, వెనక గోడకి కనీసం 60 ఉండాలి. అడ్డంగా ఉన్నవి, రెండు పక్కలా 75, మధ్యలో 220, కూడితే 370 సెంటీమీటర్లు. మా గది వెడల్పు 11 అడుగులంటే 335. ఆ రెండు టవర్లని మీ మాన్యువల్ చెప్పినట్టు ఈ గదిలో నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఈ కూడిక చేయడానికి ఇంజినీరు అక్కర్లేదు. కొలతలు మీ దగ్గరున్నాయి, మాన్యువల్ రాసిందీ మీరే. సలహా ఇచ్చినాయన రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. పోనీ పొడవు గోడకి పెడదామా అంటే, అప్పుడు వినేవాళ్లు ఎదురు గోడకి వీపు ఆనించి కూర్చోవాలి. గోడ దగ్గర కింది స్వరాలు, అంటే బాస్, మరీ పేరుకుంటాయి కాబట్టి అదీ కుదరదు.

ఇక పొజిషన్ చేయడానికి వచ్చిన కుర్రాడి సంగతి. వెనక పోర్టు (గాలి పోయే రంధ్రం) ఉన్న స్పీకర్లని వెనక గోడకి బెత్తెడు దూరంలో, రెండు మూలల్లోకి నెట్టాడు. ఇదేంటి బాబూ అంటే "ఇలా అయితే నీట్‌గా ఉంటుంది సార్, ఇల్లు ఊడ్చుకోడానికీ వీలు" అన్నాడు. ఊడ్చుకునే మాట మా ఆవిడకి నచ్చింది కూడా. కానీ గోడకి చేరిస్తే కింది స్వరాలు 6 డెసిబెళ్ల దాకా పెరుగుతాయి, మూలలో పెడితే ఇంకా పెరుగుతాయి. ఇది ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఓనమాలు. కొలత టేపు తీయలేదు, సౌండ్ కొలిచే మైకు పెట్టలేదు, నేను ఎక్కడ కూర్చుని వింటానో అడగలేదు. తన ఫోన్‌లో ఏదో డీజే పాట బ్లూటూత్‌లో పెట్టి, వాల్యూమ్ పెంచి, "సూపర్ కదా సార్" అని సంతకం పెట్టించుకున్నాడు. స్పీకర్ల అడుగున ఉండే స్పైకుల (కూసు మొనల) కింద వేయాల్సిన ఇత్తడి బిళ్లలు పెట్టెలో సీల్ తీయకుండా అలాగే ఉన్నాయి. బిళ్లలు లేకుండా మొనలు నేరుగా దించి, స్పీకర్లని అటూ ఇటూ జరిపాడు. మా నాన్నగారు వేయించిన మొజాయిక్ మీద నల్ల చిప్స్ లేచిపోయి గుంటలు పడ్డాయి. ఫొటో జత చేశాను.

ఈ గదిలో ఏం జరుగుతోందో కూడా రాస్తాను. మీ వాళ్లలో ఒక్కరైనా వినిపించుకోలేదు కాబట్టి కాగితం మీదైనా ఉండనివ్వండి. ధ్వని సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది. దాన్ని గది కొలతకి రెట్టింపుతో భాగిస్తే ఆ రెండు గోడల మధ్య ఏ స్వరం నిలబడిపోతుందో తెలుస్తుంది. మా గది వెడల్పుకి అది 51 హెర్ట్జ్, అంటే సెకనుకి 51 కంపనాలు. ఎత్తుకి 56. పొడవుకి 28, దాని రెట్టింపు మళ్లీ 56. పొడవు సరిగ్గా ఎత్తుకి రెండింతలు కావడంతో రెండూ ఒకేచోట కలిశాయి. అంటే 51 నుంచి 56 దాకా ఏం మోగినా గది దాన్ని వదలదు. బాస్ గిటార్ మూడో తీగ 55 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్ ఎంత పని చేస్తుందో మీకు నేను చెప్పాలా? బాస్ ఆ తీగ మీదకి వచ్చిందంటే షెల్ఫులోని స్టీలు గ్లాసులు గణగణలాడతాయి. పై స్వరానికి వెళ్లగానే ఊరుకుంటాయి. వరస పోయి, ఒక్క స్వరమే మిగులుతోంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ (ఒక్కో స్వరాన్నే మోగించే యాప్) పెట్టి, ఒకే సోఫాలో ఒకేచోట కూర్చుని చూస్తే 80 హెర్ట్జ్ దగ్గర ఉన్న మోతకన్నా 56 దగ్గర ఫోన్ మీటరు 12 డెసిబెళ్లు ఎక్కువ చూపించింది. ఫోన్ మీటరు కచ్చితం కాదని మీరంటారు. కాదు నిజమే, కానీ తేడా ఇంత ఉన్నప్పుడు మీటరు దాకా పోనక్కర్లేదు, చెవులు చాలు. గోడ అవతల పక్కింటి మామ్మగారు "ఏం బాబూ, మేడ మీద బియ్యం మిల్లు గానీ పెట్టావా?" అని అడిగారు.

మాన్యువల్ ప్రకారం స్పీకర్లని నేనే 60 సెంటీమీటర్లు ముందుకి లాగాను. మోత కొంత తగ్గింది. పక్క గోడలకి 75 వదిలితే మధ్యలో 185 మిగిలింది. వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఇరుకైపోయాయి. మధ్యలో 220 ఉంచితే పక్కన 57 సెంటీమీటర్లే. అప్పుడు కుడివైపు ఉత్త గోడ, ఎడమవైపు గుమ్మం కాబట్టి రెండు పక్కలా ఒకేలా ఉండటం లేదు. ఘంటసాల పాత పాటలు మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లలోనూ ఒకటే సౌండ్. జత సరిగ్గా కుదిరితే ఆ గొంతు రెండు స్పీకర్లకి సరిగ్గా నడుమ నిలబడాలి. ఇక్కడ ఆయన కుడి గోడవైపు ఒరిగి పాడుతున్నారు. తివాచీ వేశాను, కుడి గోడకి దళసరి జంపఖానా వేలాడదీశాను. పై స్వరాల గోల తగ్గింది గానీ 56 దగ్గర మోత అలాగే ఉంది. గుడ్డలకి లొంగే స్వరం కాదది. పోర్టులో పెట్టుకోవడానికి స్పాంజి బిరడాలు ఇస్తామని మాన్యువల్‌లో రాశారు, పెట్టెలో లేవు. పాత సాక్సులు చుట్టి కుక్కితే కాస్త నయం. 3,85,000 రూపాయల స్పీకర్‌లో సాక్సులు!

ఇది చెబితే మీ టెక్నికల్ విభాగం వాళ్లు "200 గంటలు మోగనివ్వండి సార్, అదే సర్దుకుంటుంది" అన్నారు. కోన్ చుట్టూ ఉన్న రబ్బరు వాడగా వాడగా కొంచెం వదులవుతుందేమో. గది పొడవు మారదు కదండీ! పైగా రోజుకి రెండు గంటలు విన్నా 200 గంటలకి మూడు నెలలు దాటుతుంది. మీ వాపసు గడువు 10 రోజులు. నేను మొదటిసారి కంప్లయింట్ చేసింది ఆ 10 రోజుల లోపే, టికెట్ మెయిల్ నా దగ్గరుంది. గడువు దాటాక అదే గొంతు "ఇప్పుడేం చేయలేం సార్, సమస్య మీ గదిలో ఉంది" అంది. దాంతో ఆగలేదు. గదిని సరిచేయడానికి కింది స్వరాల్ని పీల్చే బాస్ ట్రాప్‌లు, సౌండ్‌ని సరిదిద్దే ఒక ప్రాసెసరు కలిపి ఇంకో 90,000కి కొటేషన్ పంపింది.

మనిషిని పంపమంటే ఇంకో తంతు. ఒడిశా తమ పరిధి కాదు, భువనేశ్వర్‌ని అడగమని విశాఖపట్నం. విశాఖపట్నంలో కొన్నారు కాబట్టి అక్కడే అడగమని భువనేశ్వర్. ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటితే మీ వారంటీ పనిచేయదని అమ్మేటప్పుడు ఎవరూ అనలేదు. మీరిచ్చిన బిల్లు తీసి చూడండి. సరఫరా స్థలం దగ్గర "21, ఒడిశా" అని అచ్చయి ఉంది, దాని ప్రకారమే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్ను) వసూలు చేశారు. పన్ను పట్టుకునేటప్పుడు ఒడిశా గుర్తుంది, మనిషిని పంపాల్సి వచ్చేసరికి మర్చిపోయారా?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఈ జత వెనక్కి తీసుకుని, నేను మొదట అడిగిన మీ బుక్‌షెల్ఫ్ మోడల్, దాని స్టాండ్లు పంపండి. దాని పోర్టు ముందువైపు ఉంది, వెనక గోడకి 30 సెంటీమీటర్లు చాలని మీరే రాశారు. దానికి కింది స్వరాల జోరు తక్కువ కాబట్టి ఈ గదిని అంత రెచ్చగొట్టదు. ధరలో తేడా నా ఖాతాకి జమ చేయండి. రవాణా ఖర్చు మీదే. అమర్చడానికి టేపు, మైకు పట్టుకుని, వినడం తెలిసిన మనిషిని పంపండి. గచ్చు బాగుచేయించే ఖర్చు మేస్త్రీ రాసిచ్చిన అంచనా ప్రకారం ఇవ్వండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడ బరంపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్న చోటే వేయాలన్న నియమం లేదు, కొన్నవాడు ఉండే ఊళ్లో వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. ఫోన్ మాత్రం చేయవద్దు. "సౌండ్ వస్తోందా సార్" అనే ప్రశ్నకి జవాబు పైన రాశాను.

జతపరిచినవి: బిల్లు నకలు, వాట్సాప్ సంభాషణ, మొదటి కంప్లయింట్ టికెట్, మాన్యువల్‌లో కొలతలున్న పేజీ, గచ్చు ఫొటోలు, మేస్త్రీ అంచనా, 90,000 కొటేషన్.

ఇట్లు,
బిల్లులో పేరున్న కొనుగోలుదారు
(సంతకం)