ఇంటి ముందు బండి బాగుచేసుకోవడం వేరు, బండిని మార్చేయడం వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బస్సు సరిగా రాని ఊళ్లకు, తండాలకు మోటార్‌సైకిలే దిక్కు. పొలానికైనా, బడికైనా, మార్కెట్ యార్డుకైనా, దవాఖానకైనా దాని మీదే పోవాలి. అది ఆగిన రోజు కూలి పోతుంది. అందుకే చాలామంది చిన్న చిన్న పనుల కోసం మెకానిక్ షెడ్డు దాకా పోకుండా ఇంటి ముందే చేసుకుంటున్నారు. అయితే మార్చిన సైలెన్సర్ల మీద తనిఖీలు జరిగిన ప్రతిసారీ, ఇంట్లో పాన పట్టిన ప్రతివాడూ చట్టాన్ని మీరినవాడే అన్నట్టు మాటలు వినిపిస్తున్నాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం తగదని మనవి చేసుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను మండలంలోని ఒక ప్రభుత్వ బడికి రోజూ బండి మీద వెళ్లివచ్చే ఉపాధ్యాయుడిని.

మన రోడ్ల మీద తిరిగే బండికి సర్వీసు గడువు వచ్చేదాకా ఆగడం చాలాసార్లు కుదరదు. వానాకాలం, యాసంగి కోతల రోజుల్లో హార్వెస్టర్లు లేపే పొట్టు, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దుమ్ము, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక, ఊరి బాటల మట్టి, అంతా ఎయిర్ ఫిల్టర్‌లోకే చేరుతుంది. దుమ్ము ఎక్కువగా ఉన్నచోట గడువుకు ముందే ఫిల్టర్ చూసుకోవాలని కంపెనీల పుస్తకాలే చెబుతున్నాయి. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి మళ్లీ పెట్టుకోవచ్చు. కాగితపు ఫిల్టర్‌ను నీళ్లతో కడగరాదు. కాగితపు ఫిల్టర్లలోనే కంపెనీ నూనె పట్టించి ఇచ్చే జిడ్డు రకాన్ని గాలి కొట్టి శుభ్రం చేయడం కూడా తప్పే, దాన్ని మార్చడమొక్కటే దారి. టైర్లలో గాలి సంగతి కూడా అంతే. ఎండలు 45 డిగ్రీలకు చేరే మే నెలలో మధ్యాహ్నం వేడెక్కిన టైరులో గాలి ఎక్కువగా చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లబడ్డాక టైరు మెత్తబడుతుంది. పొద్దున బండి తీయకముందే గాలి చూసుకోవాలి.

చైన్ గురించి మాత్రం కొంత వివరంగా రాయక తప్పదు. చైన్ తుడవడానికి చాలామంది బండిని డబుల్ స్టాండు వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ అడ్డం పెడతారు. ఆ గుడ్డ పళ్ల చక్రంలో చిక్కుకుంటే దానితోపాటు వేళ్లు కూడా పోతాయి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడిస్తే అయ్యే ఆలస్యం కొన్ని నిమిషాలే. ఇంట్లో పిల్లలు పక్కన నిలబడి చూసే పని కనుక దీన్ని గట్టిగా చెబుతున్నాను. ఓ-రింగులున్న చైన్‌ను పెట్రోలుతో కడిగితే ఆ రబ్బరు రింగులు పాడవుతాయి. కిరోసిన్ చాలు, ఆ తర్వాత చైన్ లూబ్ గానీ 90 నంబరు గేర్ ఆయిల్ గానీ వేయాలి. మామూలు బండ్లలో చాలావాటికి చైన్ మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. శబ్దం రావద్దని బిగించేస్తే, ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక బియ్యం బస్తా ఎక్కినప్పుడు చైన్ ఇంకా బిగుసుకొని బేరింగులను తినేస్తుంది. చైన్ బిగించాక రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో, వెనుక బ్రేకు పెడల్ మునుపటిలాగే పడుతుందో లేదో చూడకుండా రోడ్డెక్కకూడదు.

ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం కష్టమైన పనేమీ కాదు, కానీ ఏ ఆయిల్ పోస్తున్నామన్నది ముఖ్యం. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు చాలావరకు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. చవకగా దొరికిందని కారు ఆయిల్ పోస్తే, అందులో రాపిడిని తగ్గించే పదార్థాల వల్ల క్లచ్ జారే ప్రమాదం ఉంది. డబ్బా మీద మోటార్‌సైకిల్ క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని తెలిపే జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు చూసి, కంపెనీ చెప్పిన గ్రేడే కొనాలి. కింది డ్రెయిన్ బోల్టును బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం మరలు చెడిపోయి, రెండు వందల పని వేలల్లోకి పోతుంది. వారంటీ ఉన్నన్నాళ్లు మాత్రం ఈ పనిని సర్వీసు సెంటర్లోనే చేయించి రశీదు దాచుకోవడం మేలు.

డిస్క్ బ్రేకు లోపలి పనిని ఇంట్లో ముట్టుకోకూడదన్నది నా అభిప్రాయం. ప్యాడ్లు ఎంత అరిగాయో చూడవచ్చు, బ్రేకు ఆయిల్ మట్టం చూడవచ్చు. పైపులు విప్పితే లోపల గాలి చేరి, అవసరమైనప్పుడు లివర్ ఊరికే లోపలికి పోతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. దాని జోలికి పోవడం తెలిసిన మెకానిక్ పని. ఇంట్లో చేసుకునే పనులవల్ల మెకానిక్‌ల పొట్ట కొట్టినట్టవుతుందని కొందరు బాధపడుతున్నారు గానీ, ఇంజన్ పని, బ్రేకు పని, వైరింగ్ పని ఎప్పటికీ వాళ్లవే.

ఇక మార్పుల విషయం. సీటు కవరు, మడ్ ఫ్లాప్, మొబైల్ హోల్డర్ లాంటివాటితో ఎవరికీ నష్టం లేదు. బండి అసలు రూపాన్ని, రక్షణను చెరిపే మార్పులు వేరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదంటుంది. 2019 సవరణ తర్వాత అలాంటి మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బండ్లలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ సైలెన్సర్ వ్యవస్థలోనే ఉంటుంది. దాన్ని తీసేసినవాడు ఊరివాళ్ల చెవులతోపాటు ఊపిరితిత్తులనూ బాధపెడుతున్నాడు. కంపెనీ బల్బు తీసి ఎక్కువ వాట్ల బల్బు పెడితే హోల్డర్, వైరింగ్ కాలుతాయి, ఎదురొచ్చేవాడికి కళ్లు కనిపించవు. సాగర్ రోడ్డు మీద రాత్రిపూట ఎదురుగా అలాంటి లైటు వస్తే, పక్కన పోసిన వడ్ల కుప్ప గానీ, దాని చుట్టూ పేర్చిన రాళ్లు గానీ ఆనవు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది చీర గార్డు తీసేయడం. స్టైల్ కోసమని, వెడల్పాటి టైరుకు అడ్డమని కుర్రాళ్లు కొత్త బండి ఇంటికి రాగానే దాన్ని విప్పి అటక మీద పడేస్తున్నారు. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని, పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 123వ నియమం స్పష్టంగా చెబుతోంది. మన జిల్లాల్లో తల్లులు, అక్కచెల్లెళ్లు ఎక్కువగా ఒక పక్కకే కూర్చుంటారు. కొంగు గానీ చున్నీ గానీ చువ్వల్లో పడితే మనిషిని వెనక్కి లాగేస్తుంది. ఆ గార్డును తీసినవాడి ఇంటి ఆడవాళ్లే ముందుగా ఆ బండి ఎక్కుతారన్న సంగతి ఆ యువకులకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంట్లో ఆయిల్ మార్చేవారంతా, షెడ్లవారు కూడా, పట్టించుకోని విషయం మరొకటుంది. ఒక బండి నుంచి తీసే కాలిన ఆయిల్ సుమారు లీటరు. కొందరు దాన్ని చెదల కోసం కర్రలకు పూస్తారు, ఎక్కువమంది మోరీలో పారబోస్తారు. పట్టణంలోని మోరీల నీరు చివరకు వాగుల్లోకి, చెరువుల్లోకే పోతుంది. దశాబ్దాలుగా ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలున్న జిల్లా ఇది. నీళ్ల విలువ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. వాడిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నియమాలు ప్రమాదకర వ్యర్థంగా గుర్తించాయి. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతలో లూబ్రికెంట్ తయారీదారులకూ వాటా పెట్టారు. అయినా లీటరు కాలిన ఆయిల్ డబ్బా పట్టుకొని పోతే తీసుకునే చోటు మా పరిసరాల్లో నాకు కనిపించలేదు. ఆయిల్ అమ్మే పెద్ద దుకాణాల దగ్గర, పెట్రోలు బంకుల దగ్గర ఒక్కో డ్రమ్ము పెట్టించి, అనుమతి ఉన్న శుద్ధి సంస్థలకు అప్పగించే ఏర్పాటు చేయాలని మున్సిపాలిటీలను, కాలుష్య నియంత్రణ మండలిని కోరుతున్నాను.

బండితోపాటు ఇచ్చే పుస్తకం నేను చూసినంతవరకు ఆంగ్లంలోనే ఉంటోంది. చైన్ వదులు ఎంత, ఆయిల్ గ్రేడ్ ఏది, టైరులో గాలి ఎంత అన్న రెండు పేజీలైనా తెలుగులో ముద్రించి ఇవ్వడం కంపెనీలకు భారం కాదు. రవాణా శాఖ కార్యాలయాల్లో లైసెన్సు కోసం గంటలకొద్దీ కూర్చునే యువకుల ఎదుట, ఏ మార్పు చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది బొమ్మలతో తెలుగు బోర్డుగా పెట్టవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీఐలలో పనిముట్లు, నేర్పేవారు ఉన్నారు కనుక, నెలకొక ఆదివారం బండి యజమానులకు, ముఖ్యంగా బండి నడిపే మహిళలకు, ఉచితంగా ఈ పనులు చూపిస్తే బాగుంటుంది. మీ జిల్లా అనుబంధంలో కూడా కోతల కాలానికి ముందు ఒకసారి, వానలకు ముందు ఒకసారి తెలిసిన మెకానిక్‌లతో ఇలాంటి సూచనలు రాయించి ప్రచురించగలరని ప్రార్థన.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
నల్లగొండ