అమ్మాయి పీహెచ్‌డీ గురించి

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి ప్రజారోగ్య విధానాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోందనీ, "అటు డాక్టరూ కాదు, ఇటు కలెక్టరూ కాదు, ఇదేం చదువు?" అని చెల్లెమ్మ దిగులుపడుతోందనీ రాశావు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఆ చదువే కనుక కాస్త వివరంగానే రాస్తాను. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు.

ప్రభుత్వం ఒక పథకం పెట్టినప్పుడు దానివల్ల మనుషుల ఒంట్లో ఏమైనా మారిందా, మారితే అది ఆ పథకం చలవేనా అని తేల్చడం మా పని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మన హైదరాబాదు దగ్గరి పల్లెలదే. 1975లో మొదలైన అంగన్‌వాడీల పథకం అన్ని ఊళ్లకూ ఒక్కసారే రాలేదు. ఆ వ్యత్యాసాన్ని ఆధారం చేసుకుని 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ వారు, పథకం అందిన 15 ఊళ్లనూ ఇంకా అందని 14 ఊళ్లనూ పోల్చి, గర్భిణులకూ చిన్నపిల్లలకూ పెట్టే ఉప్మా వల్ల పుట్టే బిడ్డ బరువు ఎంత పెరుగుతుందో చూశారు. 2003-05లో పరిశోధకులు మళ్లీ అవే ఊళ్లకు వెళ్లి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకొచ్చిన ఆ పిల్లలను వెతికి కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. అంతకన్నా ముఖ్యంగా, వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల్లో బిరుసు తక్కువగా ఉంది. అంటే తల్లి కడుపులోనూ పసితనంలోనూ అందిన తిండి, ముందుముందు గుండెజబ్బునూ మధుమేహాన్నీ కొంతైనా దూరం పెట్టగలదన్న ఆశ. ఆ ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు కనుక ఊరికీ ఊరికీ ఉన్న ఇతర తేడాలు ఇందులో ఎంత కలిశాయో జాగ్రత్తగా చూడాలి. ఆ జాగ్రత్త నేర్చుకోవడానికే పీహెచ్‌డీ.

పల్లెల్లో పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి ముందే తెలియాలి. బిడ్డ వయసుకు తగ్గ ఎత్తు ఉన్నాడా అని చెప్పాలంటే పుట్టిన తేదీ కావాలి. తల్లిని అడిగితే "వేరుసెనగ పీకేటప్పుడు పుట్టిండు" అంటుంది. రిజిస్టరులో ఒక తేదీ, ఆధార్‌లో జనవరి 1 ఉంటాయి. అప్పుడు బతుకమ్మకు ముందా తర్వాతా, పక్కింటి పిల్లకన్నా పెద్దా చిన్నా అని ఓపికగా అడగాలి. రెండేళ్ల బిడ్డ వయసు రెండు నెలలు తప్పితే, గిడసబారినవాడు లెక్కల్లో మామూలు బిడ్డ అయిపోతాడు. ఇలా ఇళ్లలో కూర్చుంటేనే, గర్భిణికని ఇచ్చిన సరుకును ఇంటిల్లిపాదీ పంచుకుంటారన్న సంగతి కూడా కళ్లారా తెలుస్తుంది. 2015లో తెలంగాణ మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మిలో పూట భోజనం, గుడ్డు, పాలు అంగన్‌వాడీలోనే పెట్టడం నాకు అందుకే సబబుగా తోస్తుంది.

కష్టాలూ దాచను. ప్రాజెక్టు నిధులు రెండు మూడేళ్లకే అయిపోతాయి, ఫలితం తేలడానికి ఒక తరం పడుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు. పర్మనెంటు ఉద్యోగాలు తక్కువ, జీతం కోసం చాలా ఏళ్లు ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు మారుతూ ఉండాలి. అయినా అమ్మాయిని ఆపవద్దని నా మాట. ఈలోగా గణాంకశాస్త్రం గట్టిగా చదవమను. దసరా సెలవుల్లో నా దగ్గరికి పంపు, సర్వే బృందంతో పాటు నాలుగు ఊళ్లు తిప్పుతాను. అప్పటికీ ఇష్టం నిలిస్తే దరఖాస్తులు ఇద్దరం కలిసి రాస్తాం.

చెల్లెమ్మకు నా నమస్కారాలు.

నీ స్నేహితుడు