బీరు కాస్తానంటున్న తమ్ముడికి

శాన్ డియేగో

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన బిల్డింగ్ ప్లాను, మెనూ, ఆ తెగని వాయిస్ మెసేజ్ అన్నీ చేరాయి. ఫోన్లోనే మాట్లాడేదాన్ని గానీ నువ్వు ఎత్తగానే స్పీకర్ ఆన్ చేస్తావు, పక్కన అమ్మ ఉంటుంది. అమ్మ ఇప్పటికీ సీతమ్మధారలో కనపడ్డవాళ్లందరికీ మా అమ్మాయి ఫుడ్ ల్యాబ్‌లో చేస్తోందనే చెప్తోంది. నేను చేసేది బీరు కాచే బ్రూవరీ ల్యాబ్‌లో అయినా, అది పూర్తి అబద్ధం కూడా కాదులే, బార్లీ తిండిగింజే కదా. ఇప్పుడు కొడుకు రుషికొండలో సొంతంగా బీరు కాచి అక్కడే పోసే కొట్టు పెడతానంటే ఆవిడ చుట్టాలకి ఏం చెప్పుకుంటుందో అది నీ తిప్పలు, నన్ను మధ్యలోకి లాగకు.

"అక్కా, అక్కడ ఇప్పుడు ఏది నడుస్తోందో చెప్పు, వైజాగ్‌లో అందరికన్నా ముందు మనమే దింపేద్దాం" అన్నావు. ఏది నడుస్తోందో చెప్తాను. కానీ అది పట్టుకుని మెనూ రాస్తే ఏడాది తిరిగేలోపు గ్లాసులు, స్టూళ్లు అమ్ముకోవాల్సి వస్తుందని కూడా చెప్తాను. ఓపిగ్గా చదువు.

ఈ కాలిఫోర్నియాలో ఒకప్పుడు గొప్ప ఐపీఏ (చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు బాగా దట్టించిన బీరు) అంటే అద్దంలా తేటగా ఉండాలి, చేదు నాలుక చివరిదాకా కొట్టాలి. శాంటా రోసాలో రష్యన్ రివర్ అనే బ్రూవరీ ఉంది, వాళ్ల ప్లైనీ ది యంగర్ అనే ఐపీఏ ఏడాదికోసారి కొన్నాళ్లే పోస్తారు, దానికోసం జనం చీకటితోనే వచ్చి లైన్లో నిలబడతారు. మా కొలీగ్స్‌తో నేనూ వెళ్లి నిలబడ్డాను. తిరుమల క్యూలో కూడా అన్ని కబుర్లు వినలేదు. ఈలోపు దేశానికి అటు చివర వెర్మాంట్‌లో ది ఆల్కెమిస్ట్ అనే చిన్న బ్రూవరీ వాళ్లు హెడీ టాపర్ అని మసకమసకగా ఉండే ఐపీఏ చేశారు, ఇప్పుడు హేజీ అంటున్న రకం అదే. 2011లో ఐరీన్ తుఫాను వరదకి వాళ్ల పబ్ మునిగిపోయింది, అదే వారంలో ఊరికి ఎత్తున కట్టుకున్న కొత్త షెడ్డులోంచి ఆ బీరు క్యాన్లలో బయటికొచ్చింది. అక్కణ్ణుంచి మొదలైంది పిచ్చి. చేదు తక్కువ, మామిడి, కమలా వాసన ఎక్కువ, ఓట్స్ వేయడం వల్ల నోట్లో మెత్తగా ఉంటుంది. మా వైపు పాత కాపులు "ఇదేం బీరు, ఫిల్టర్ చేయడం మర్చిపోయారా" అని వెక్కిరించారు. 2018కల్లా ఇక్కడి బ్రూవరీల సంఘం బ్రూవర్స్ అసోసియేషన్ వాళ్లు తమ స్టైళ్ల జాబితాలో హేజీని చేర్చక తప్పలేదు, వెక్కిరించినవాళ్లే ట్యాంకుల నిండా అదే చేశారు.

అదే ఏడాది బ్రూట్ ఐపీఏ అని ఇంకోటొచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది, ఎంజైము వేసి చక్కెర మొత్తం లాగేసి ఎండిపోయినట్టు చేసేవాళ్లు. అందరూ ఒక్కసారి చేశారు, ఒక్కసారి తాగారు, అయిపోయింది. తర్వాత 2019 వేసవి మొత్తం హార్డ్ సెల్ట్జర్, అంటే ఆల్కహాల్ ఉన్న సోడా గోల. ఆ తర్వాత పళ్ల గుజ్జు కుమ్మరించిన పుల్ల బీర్లు. వాటిలో పులియని పండు అలాగే ఉండిపోతుంది కదా, ఫ్రిజ్‌లో పెట్టకపోతే క్యాన్లు ఉబ్బి పేలేవి, అయినా కొన్నారు. ఇప్పుడేం నడుస్తోందంటావా? తేటగా ఉండే పిల్స్‌నర్ అనే లేత రంగు బీరు, తేటగా ఉండే పాత వెస్ట్ కోస్ట్ ఐపీఏ. ఇంకా నవ్వకు, ఆల్కహాల్ లేని బీరు. దాన్నే నమ్ముకుని అథ్లెటిక్ బ్రూయింగ్ అనే కంపెనీ పెద్దదైపోయింది. నువ్వు మెనూలో పెద్ద అక్షరాలతో "లేటెస్ట్ ఫ్రమ్ అమెరికా" అని రాసిన హేజీ ఉంది చూడు, అది ఇక్కడ ఇంకా బాగానే అమ్ముడుపోతుంది గానీ లేటెస్ట్ మాత్రం కాదు.

ఇందులో నీకు పనికొచ్చే సంగతి స్టైళ్ల పేర్లు కాదు, తాగేవాళ్ల సంగతి. అన్‌టాప్‌డ్ అని ఒక యాప్ ఉంది, తాగిన ప్రతి బీరుకీ అందులో రేటింగ్ ఇచ్చి ఎక్కించుకుంటారు, బ్యాడ్జీలు వస్తాయి. అందులో కొత్త బీరుకే కిక్కు, నిన్న తాగిందే ఇవాళ తాగితే లెక్క పెరగదు. అలాంటివాళ్లు మా ట్యాప్‌రూమ్‌కి, అంటే బ్రూవరీలోనే బీరు పోసే హాలుకి వస్తే బోర్డు మీద ముందు చూసేది కొత్తగా ఏం రాశామనే. చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు పోయించుకుని, ఫొటో తీసి, నాలుగు పాయింట్ రెండు ఇచ్చి, పక్క వీధిలో బ్రూవరీకి వెళ్లిపోతారు. తప్పని నేననను, వాళ్లలో కొందరికి మా బ్రూవర్లకన్నా రుచి బాగా తెలుసు. కాకపోతే వాళ్ల ప్రేమ బీరు మీద, నీ కొట్టు మీద కాదు. వాళ్ల కోసం నువ్వు వారం వారం కొత్తది కాయాలి, కాయడం ఆపిన వారం వాళ్లకి నువ్వు గుర్తుండవు.

దాని ఖర్చు ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, నా టేబుల్ మీద పడుతుంది. హేజీలో హాప్స్ పచ్చిగా, విపరీతంగా వేస్తారు. ఆ హాప్స్‌లో ఉండే ఎంజైములు బీరులో మిగిలిన పెద్ద చక్కెరల్ని విరగ్గొడతాయి, పని అయిపోయిందనుకున్న ఈస్ట్ మళ్లీ లేచి తినడం మొదలెడుతుంది, డయాసిటైల్ అనే వెన్న వాసన పదార్థం పుడుతుంది. నేను ట్యాంకులోంచి శాంపిల్ తీసి, మూత బిగించి, 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లారాక మూత తీసి వాసన చూస్తాను. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన కొట్టిందంటే ఆ ట్యాంకు ఇంకా ఆగాలి. అప్పటికే సేల్స్ వాళ్లు శనివారం రిలీజ్ అని పోస్టర్ వేసేసి ఉంటారు. శుక్రవారం సాయంత్రం ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి "ఇంకోసారి వాసన చూడు" అంటారు. ఆ టెన్షన్ నీకు కావాలా? నీ దగ్గర ల్యాబ్ కూడా లేదు.

రెండో రకం వాళ్లు ఉంటారు. మా దగ్గర మగ్ క్లబ్ ఉంది, ఏడాదికింత అని కడితే నీ నంబరేసిన మగ్గు బార్ వెనక కొక్కేనికి తగిలిస్తారు, వచ్చినప్పుడల్లా అందులోనే పోస్తారు. రిటైరైన ఒక పెద్దాయన సోమవారాలు వచ్చేవాడు, ఎర్రగా ఉండే ఆంబర్ ఏల్ ఒక్కటే తాగేవాడు, క్రాస్‌వర్డ్ నింపుకునేవాడు, వెళ్లేటప్పుడు బార్‌లో పనిచేసే కుర్రాళ్లకి మంచి టిప్పు ఇచ్చేవాడు. ఆంబర్ అమ్మకాలు తగ్గాయని మావాళ్లు ఆ ట్యాప్ తీసేసి ఇంకో హేజీ పెట్టారు. ఆయన వచ్చాడు, బోర్డు పైనుంచి కిందికి చదివాడు, బార్ కుర్రాడు పోసి ఇచ్చిన హేజీ ఒక గుక్క తాగాడు, డబ్బులు మొత్తం ఇచ్చేసి గ్లాసు అలాగే వదిలి లేచాడు. మళ్లీ రాలేదు. గొడవ పెట్టలేదు, రివ్యూ రాయలేదు, అందుకే ఆ సంగతి ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

అభిమానం అంటే ఇంకో రకం కూడా ఉంది, మాటల అభిమానం. దీన్ని నువ్వు బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే నీ ఫ్రెండ్స్ అందరూ "నువ్వు పెట్టరా, రోజూ మేమే వస్తాం" అంటున్నారని మెసేజ్‌లో మురిసిపోయావు. శాన్ ఫ్రాన్సిస్కోలో యాంకర్ అని 1896 నాటి బ్రూవరీ ఉంది. 1965లో మూతపడబోతుంటే ఫ్రిట్జ్ మేటాగ్ అనే కుర్రాడు, వాషింగ్ మెషీన్ల మేటాగ్ కుటుంబంవాడు, కొని నిలబెట్టాడు. ఇవాళ అమెరికాలో క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీల బీరు అన్న ప్రతిదీ ఏదో ఒక దారిలో అక్కడికి వెళ్లి తేలుతుంది. 2017లో జపాన్ సపోరో వాళ్లు కొన్నారు, 2021లో లేబుల్ మార్చారు. పాత లేబుల్ తీసేశారని జనం ఎంత తిట్టారో! 2023 జులైలో మూసేస్తున్నామని ప్రకటించగానే ఊరు ఊరంతా బ్రూవరీ ముందు లైన్ కట్టింది, సీసాలు దొరకలేదు. మా ఆఫీసులో ఒకతను దాదాపు ఏడ్చాడు. చివరిసారి ఎప్పుడు కొన్నావని అడిగితే చాలాసేపు ఆలోచించాడు పాపం. ఆ లైన్లో నిలబడ్డవాళ్లలో సగం మంది నెలకో ఆరు సీసాలు కొనుంటే ఎలా ఉండేదో. తర్వాత 2024లో చొబానీ పెరుగు కంపెనీ ఆయన దాన్ని కొన్నాడు, అది వేరే కథ.

మా ఊళ్లోనే చూడు. స్టోన్ అనే బ్రూవరీ, పెద్ద కంపెనీల మీద యుద్ధం చేస్తున్నట్టు మాట్లాడేవాళ్లు, ఒక బీరు లేబుల్ మీద ఇది తాగే అర్హత నీకు లేదు అన్నట్టు రాసేవాళ్లు, దానికే జనం పడి చచ్చారు. 2022లో వాళ్లూ సపోరోకే అమ్మేశారు. బ్యాలస్ట్ పాయింట్‌ని 2015లో కాన్‌స్టలేషన్ అనే పెద్ద మద్యం కంపెనీ వాళ్లు 100 కోట్ల డాలర్లకి కొని, నాలుగేళ్లకే ఇల్లినాయ్ నుంచి వచ్చిన ఒక బుల్లి బ్రూవరీకి వదిలించుకున్నారు. అమ్మేయగానే బీరు పాడైపోయిందని అభిమానులంటారు. ల్యాబులో కూర్చునేదాన్ని కాబట్టి చెప్తున్నా, పెద్దవాళ్ల చేతికి వెళ్లాక చాలాసార్లు బీరు ఇంకా నిలకడగా వస్తుంది. మనవాడు అనుకున్నవాడు మనవాడు కాకుండా పోయాడన్నదే వాళ్ల బాధ. 2017 నుంచి స్వతంత్ర బ్రూవరీలు తలకిందులుగా ఉన్న సీసా గుర్తు క్యాన్ల మీద వేసుకుంటున్నాయి, దాన్ని చూసి కొనేవాళ్లు ఉన్నారు. కానీ 2024లో అమెరికాలో కొత్తగా తెరిచిన బ్రూవరీలకన్నా మూసేసినవే ఎక్కువ. గుర్తు ఉన్నవి కూడా.

ఇక మన వైజాగ్. మనవాళ్లకి బ్రాండ్ అభిమానం లేదని నువ్వంటున్నావు, ఎందుకు లేదు? 2019 తర్వాత గవర్నమెంట్ షాపుల్లో పేరు వినని బ్రాండ్లు పెట్టినప్పుడు మన బాబాయి ఎవరొస్తే వాళ్లతో పక్క రాష్ట్రం నుంచి కింగ్‌ఫిషర్ తెప్పించుకుని ఫంక్షన్‌లో దాచిపెట్టి తాగలేదూ? 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్లీ వచ్చాక ఆయన మొదటి ఫోన్ నాకే చేశాడు, అదేదో ఇంట్లో శుభకార్యం అయినట్టు. మనవాడు షాపులో అడిగే మొదటి మాట "కూలింగ్ ఉందా", రెండోది "లైటా స్ట్రాంగా". నీ మెనూలో ఈ రెండిటికీ జవాబు లేదు, పన్నెండు ట్యాపులు మాత్రం ఉన్నాయి.

నాన్నని చూసి నేర్చుకో. భీమిలి వైపు వెళ్తే ఆ ఒక్కాయన దింపిన తాటికల్లు తప్ప ముట్టడు, అదీ పొద్దున్నే, ఎండెక్కితే వద్దంటాడు. ఏ చెట్టు, ఎప్పుడు దింపింది, ఎవరు పోశారు, అంతే చూస్తాడు. తాజా బీరు కూడా కల్లు లాంటిదే, గాలి తగిలిందా, వేడెక్కిందా, పోయినట్టే. నువ్వు ఎలాగూ సీసాల్లో నింపి బయట అమ్మవు, కాచిన చోటే పోస్తావు, కాబట్టి ఈ ఒక్క విషయంలో ఏ పెద్ద కంపెనీ నీతో పోటీ పడలేదు. రణస్థలం ఫ్యాక్టరీలోంచి లారీలో వచ్చిన సీసాకన్నా నీ గ్లాసు తాజాగా ఉంటుందని వచ్చినవాడి నాలుకకి తెలియాలి, వాడే మళ్లీ వస్తాడు. బిరా చూశావు కదా, 2015లో వచ్చి కోతిబొమ్మతో కుర్రాళ్లందర్నీ పట్టేసింది, తర్వాత కంపెనీ పేరులోంచి ప్రైవేట్ అన్న ఒక్క మాట తీసేసినందుకు రాష్ట్రాల్లో లేబుళ్లన్నీ మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చి, నెలల తరబడి సరుకు ఆగిపోయింది. షాపులో సీసా లేనప్పుడు ఆ అభిమానులు ఏం చేశారు? పక్క సీసా తీసుకున్నారు.

కాబట్టి మూడు బీర్లు ఎప్పటికీ మార్చకు. ఒకటి గోధుమ బీరు, రెండు వారాల్లో తయారవుతుంది, వంజరం వేపుడుకి బాగుంటుంది. ఒకటి లాగర్, కింగ్‌ఫిషర్ లాంటి రకం, అది ట్యాంకులో నెల పైనే కూర్చుంటుంది, మీ పార్ట్‌నర్ గొణుగుతాడు, గొణగనీ, బాబాయి లాంటివాళ్లు అడిగేది అదే. మూడోది నల్లటిది, అరకు కాఫీ వేసి చెయ్యి. నాలుగో ట్యాప్ ఒక్కటి నీ సరదాకి ఉంచుకో. వేసవిలో ఒక్క నెల సువర్ణరేఖ మామిడి, గుజ్జు ట్యాంకులో పూర్తిగా పులిశాకే పొయ్యాలి. చోడి (రాగి) పిండితో ఏదైనా చేసి చూడు, పాడేరు వైపు వాళ్లని పిలిచి రుచి చూపించు, జీలుగు కల్లు తాగి పెరిగిన నాలుకలు అవి, మొహమాటపడకుండా చెప్తారు. హేజీ మాత్రం వద్దు. ఆ ఉక్కలో, నీ దగ్గరున్న సామానుతో, వారానికే రంగు తిరిగి బురద నీళ్లలా అవుతుంది.

ఇంకోటి, ప్లానులో కోల్డ్ రూమ్ మెట్ల కింద, జనరేటర్ పక్కన గీశారు. ఎవడ్రా ఆ ఆర్కిటెక్టు? దాన్ని ట్యాపులకి వెనక గోడకే ఆనించమను, పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, పైపు పొడుగైతే బీరు వేడెక్కి గ్లాసులో సగం నురగే వస్తుంది. మార్చిన ప్లానూ, చిల్లర్ కొటేషనూ పంపు, అవి చూశాకే నా వాటా డబ్బు సంగతి మాట్లాడదాం. నాన్న షుగర్ రిపోర్టు కూడా పంపు, పోయిన నెలది ఇంకా పంపలేదు నువ్వు.

మీ అక్క