ముల్లు దూకకుండా ఉండాలంటే

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

బుజ్జితల్లికి,

మధ్యాహ్నం ఫోన్లో, ఆఫీసులో నువ్వు చేస్తున్న కారు స్క్రీన్ మీది స్పీడోమీటర్ గురించి "నాన్నా, ముల్లు దూకుతోంది" అన్నావు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని నీ పీజీలో నీళ్ళ సంగతి, నీ జుట్టు రాలే సంగతి అందుకుంది. ఫోన్ మళ్ళీ నా చేతికొచ్చేసరికి నువ్వు "సరే నాన్నా, ఉంటా" దాకా వచ్చేశావు. అయినా ఫోన్లో నేను ఏం చెప్పబోయినా సగంలో ఆపి "తెలుసు నాన్నా" అంటావు. అందుకే రాస్తున్నాను. రాసినదాన్ని మధ్యలో ఆపలేవుగా.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. కారు నుంచి వేగం వస్తుంది. 40 ఉన్నది 60 అయింది. ముల్లు ఒక్కసారిగా అక్కడికి గెంతకూడదని సీ ప్లస్ ప్లస్ కోడు వైపు ఒక క్యూటైమర్ (అలారంలా మళ్ళీ మళ్ళీ మోగేది) పెట్టావు. అది 16 మిల్లీసెకన్లకోసారి లేచి, ముల్లు ఎక్కడుందో చూసి, ఇంకా చేరకపోతే ఒక డిగ్రీ జరుపుతుంది. వేగం తగ్గితే దానికో ఇఫ్ (ఇలా అయితే ఇలా చెయ్ అన్న షరతు). సగం దారిలో మళ్ళీ పెరిగితే ఇంకో ఇఫ్. బండి ఆపేస్తే మరొకటి. ఇంత చేశాక మీ లీడ్ వచ్చి చూసి "స్మూత్‌గా లేదు" అని ఒక్క ముక్క అనేసి టీకి వెళ్ళిపోయాడు. నీ కోపం అక్కడ. నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు.

ఎందుకు దూకుతోందో ముందు చెప్తాను. నీ స్క్రీన్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకు 16.67 మిల్లీసెకన్లు. నీ టైమర్ 16కే లేస్తోంది, అంటే సెకనుకు 62న్నర సార్లు. చిన్న తేడానే అనిపిస్తుంది. కానీ ఆ తేడా పోగుపడి, సెకనుకు రెండు మూడు సార్లు ఒకే ఫ్రేములో నీ ముల్లు రెండడుగులు వేస్తోంది. మిగతా ఫ్రేముల్లో ఒక్క అడుగే. మనిషి కన్ను దేన్నయినా క్షమిస్తుంది కానీ ఈ తడబాటును క్షమించదు. పైగా ఆ టైమర్ చెప్పిన టైముకు సరిగ్గా లేస్తుందన్న హామీ లేదు. అదే థ్రెడ్‌లో, అంటే అదే పనుల వరుసలో, ఇంకో పనేదైనా నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగుతుంది. రెండు గడియారాలున్న ఇంట్లో ఎవరూ టైముకు బయల్దేరరు.

16ని 17 చేస్తే సరిపోతుందా అని అడుగుతావని తెలుసు. సరిపోదు. టైమరే వద్దు.

మన పాత చేతక్ స్కూటర్ గుర్తుందా? నీకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకరోజు నిన్ను స్కూల్లో దించడానికి వెళ్తుంటే ముందు నిలబడ్డ నువ్వు "నాన్నా, మనం కదలట్లేదు" అన్నావు. చూస్తే మీటర్ ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. బండి మాత్రం దౌడు తీస్తోంది. సాయంత్రం మెకానిక్ దగ్గరికెళ్తే స్పీడో కేబుల్ తెగిందన్నాడు. నువ్వు గొడవ చేస్తే ఆయన ఒక పాత మీటర్ విప్పి లోపల చూపించాడు. ముందు చక్రం తిరిగితే కేబుల్ తిరుగుతుంది, కేబుల్ చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దానికి తగలకుండా పైన బోర్లించిన చిన్న అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకే ముల్లు. అయస్కాంతం వేగంగా తిరిగేకొద్దీ గిన్నెను తన వెంట ఎక్కువ లాగుతుంది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి వెనక్కి లాగుతుంది. రెండు లాగుళ్ళూ సమానమైన చోట ముల్లు నిలబడుతుంది. నువ్వు కేబుల్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని గిరగిర తిప్పి, ముల్లు లేస్తుంటే ఎగిరి గంతేశావు.

ఆ మీటర్లో "ముల్లును ఒక డిగ్రీ జరుపు" అని చెప్పేవాడెవడూ లేడు తల్లీ. ఇది తిరిగితే అది లేవాలి అన్న కట్టుబాటు మాత్రమే ఉంది. డిక్లరేటివ్ అని పుస్తకాల్లో పెద్ద పేరు పెట్టారు గానీ, నువ్వు స్క్రీన్లు రాసే క్యూఎంఎల్ భాషలో బైండింగ్ (ఒకదాని విలువను ఇంకోదానికి కట్టెయ్యడం) అంటే ఆ కేబులే. నీ డయల్ మైనస్ 120 డిగ్రీల నుంచి ప్లస్ 120 దాకా, వేగం 0 నుంచి 200 దాకా అనుకుందాం. 240 డిగ్రీలను 200కి పంచితే కిలోమీటరుకు 1.2 డిగ్రీలు. అప్పుడు ముల్లు దగ్గర ఒకే ఒక్క లైను రాస్తావు: రొటేషన్ (ముల్లు కోణం) అంటే మైనస్ 120 ప్లస్ వేగం ఇంటూ 1.2. అంతే. 40 వస్తే మైనస్ 72, 60 వస్తే మైనస్ 48. వేగం ఎప్పుడు మారినా క్యూఎంఎల్ ఇంజనే ఆ లైను మళ్ళీ లెక్కగడుతుంది. నీ ఇఫ్‌లకు అక్కడ పనే లేదు.

ఈ అలవాటు నాకూ ఊరికే రాలేదు. 2010 సెప్టెంబరులో, స్క్రీన్లు కట్టే సాఫ్ట్‌వేర్ సామగ్రి క్యూట్ (Qt) 4.7తో పాటు క్యూఎంఎల్ వచ్చినప్పుడు నేను దాన్ని బొమ్మరిల్లు అనుకున్నాను. (ఆఫీసులో "క్యూట్, క్యూట్" అని ఫోన్లు మాట్లాడుతుంటే మీ అమ్మ చాలాకాలం అనుమానంగా చూసింది. ఆ పేరును అలాగే పలకాలని ఆమెకు నమ్మకం కుదరడానికి నేను వెబ్‌సైట్ తెరిచి చూపించాల్సి వచ్చింది.) 1994లో ఓస్లోలో మొదలైన ట్రోల్‌టెక్ వాళ్ళది ఆ క్యూట్. 2008లో నోకియా కొన్నది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉన్న టీమ్ ఈ క్యూఎంఎల్‌ను తయారుచేసింది. అప్పటికి మేం పాత పద్ధతిలో విడ్జెట్లు, పెయింట్ ఈవెంట్లు, టైమర్లతో కుస్తీ పడుతున్నాం. ఒక పెట్టె కుడివైపుకు జరగడానికి రెండొందల లైన్లు రాయడమే మగతనం అనుకునే రోజులు. వాళ్ళేమో నాలుగు లైన్లలో జరిపి చూపించారు. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. చేతిలో స్టీరింగ్ లేకుండా వెనక సీట్లో కూర్చోబెట్టినట్టు ఉండేది.

ఆ మంకుపట్టు ఒకసారి నా పరువు తీసింది. ఏ కంపెనీ అని అడగకు. ఒక యంత్రానికి స్క్రీన్ చేస్తున్నాం. ట్యాంకులో ద్రవం ఎంతుందో చూపే నిలువు పట్టీ నా పని. పట్టీ ఎత్తుకు ట్యాంకు స్థాయితో బైండింగ్ పెట్టాను, చక్కగా పైకీ కిందికీ కదిలేది. తర్వాత రీసెట్ బటన్ పెట్టమన్నారు. బటన్ నొక్కితే జరిగే ఫంక్షన్లో ఒక లైను రాశాను: పట్టీ ఎత్తు ఈక్వల్స్ సున్నా. టెస్ట్ చేశాను, సున్నాకు పడింది, ఇంటికి పోయాను. మర్నాడు క్లయింటు ముందు డెమో. ఆయన రీసెట్ నొక్కాడు, పట్టీ పడిపోయింది, అందరూ తలలూపారు. తర్వాత ట్యాంకు నింపడం మొదలుపెట్టారు. పక్కన గాజు గొట్టంలో ద్రవం పైకి వస్తోంది. నా పట్టీ మాత్రం నేలకు అతుక్కుపోయింది. "ఏం బాబూ, దీనికి నిద్రొచ్చిందా?" అన్నాడాయన.

ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండు రాత్రులు సెన్సార్ డ్రైవర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి తెలిసింది, తప్పు ఆ ఒక్క లైనుది. క్యూఎంఎల్ లోపల రాసే జావాస్క్రిప్టులో నువ్వు ఒక ప్రాపర్టీకి (ఎత్తు, కోణం లాంటిదానికి) చేత్తో విలువ ఇచ్చావంటే, దానికున్న బైండింగ్ అక్కడితో తెగిపోతుంది. "ఇక దీని సంగతి నేను చూసుకుంటాను" అని నువ్వు అన్నట్టు లెక్క. కేబుల్ తెంపి ముల్లును వేలితో సున్నాకు నెట్టి, బండి తోలుతున్నాను నేను. చెయ్యాల్సింది పట్టీని ముట్టుకోవడం కాదు, స్థాయిని సున్నా చెయ్యడం. పట్టీ తనంతట తనే పడేది, తనంతట తనే లేచేది.

ఇప్పటివాళ్ళకు నయం. ప్రోగ్రాం ఏ సందేశాలు చూపాలో చెప్పే లాగింగ్ రూల్స్‌లో క్యూటీ డాట్ క్యూఎంఎల్ డాట్ బైండింగ్ డాట్ రిమూవల్ అన్నదాన్ని ఆన్ చేసుకుంటే, ఏ ఫైల్లో ఏ లైను దగ్గర బైండింగ్ తెగిందో చెప్పేస్తుంది. రేపే ఆన్ చేసుకో. తప్పనిసరై మధ్యలో కొత్త బైండింగ్ కట్టాల్సి వస్తే క్యూటీ డాట్ బైండింగ్ అనే ఫంక్షన్ ఉంది, అందులో చుట్టి ఇవ్వు. కానీ అది వాడాల్సి వచ్చిన ప్రతిసారీ డిజైన్ ఎక్కడో వంకర పోయిందేమోనని ఒకసారి వెనక్కి చూసుకో.

సరే, బైండింగ్ పెట్టావు. ఇప్పుడు 40 నుంచి 60కి ముల్లు నిజంగానే గెంతుతుంది, ఎందుకంటే లెక్క వెంటనే మారింది. దీనికే బిహేవియర్ ఉంది. "రొటేషన్ ఎప్పుడు మారినా ఇలా మారాలి" అని ఒకసారి చెప్పి వదిలెయ్యడమే. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది దానికి అనవసరం. అందులో ఏ యానిమేషన్ పెట్టాలన్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు, కొంచెం నెమ్మదిగా చదువు.

అందరూ మొదట నంబర్ యానిమేషన్ (అంకెను కొద్దికొద్దిగా మార్చేది) పెడతారు. నువ్వేమీ చెప్పకపోతే అది 250 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో వెళ్తుంది. ఒకే వేగం బాగుండదని ఈజింగ్ పెడతారు. నీకు ఈజింగ్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు, తిరుమల ఘాట్ రోడ్డు చెప్పింది. ఒకసారి ఎక్కిన బస్సు డ్రైవరు ప్రతి మలుపులో గబుక్కున బ్రేకు, గబుక్కున రేసు. నువ్వు నా చొక్కా మీదే కక్కేశావు. తిరుగు ప్రయాణంలో ఇంకో పెద్దాయన, మెల్లగా అందుకుని మెల్లగా వదిలాడు. కింద అలిపిరి వచ్చేదాకా నిద్రపోయావు. కొండ అదే, మలుపులూ అలాంటివే. ఆ రెండో డ్రైవరే ఇన్‌అవుట్‌క్వాడ్ అనే ఈజింగ్.

అయితే నీ ముల్లుకు ఆ పెద్దాయన పనికిరాడు. ఎందుకో చూడు. కారు నుంచి వేగం నీకు సెకనుకు ఒకసారి రాదు, పది సార్లో ఇరవై సార్లో వస్తుంది. విలువ మారిన ప్రతిసారీ బిహేవియర్ ఆ యానిమేషన్‌ను ఉన్నచోటి నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. 250 మిల్లీసెకన్ల ప్రయాణం 100 మిల్లీసెకన్ల దగ్గరే ఆగి, మళ్ళీ మెల్లగా అందుకోవడం. మళ్ళీ ఆగడం, మళ్ళీ మెల్లగా. స్టాపు స్టాపుకూ ఆగే పల్లెవెలుగు అయిపోతుంది. గేరు మారే లోపే బెల్లు. ముల్లు ఎప్పుడూ బండి కంటే వెనకే ఈడ్చుకుంటూ వస్తుంది. ఇది కూడా నీ లీడ్‌కు స్మూత్‌గా అనిపించదు.

అందుకే అక్కడ స్మూత్‌డ్ యానిమేషన్ పెట్టు. దానికి టైము చెప్పనక్కర్లేదు, వెలాసిటీ చెప్పు. సెకనుకు ఇన్ని డిగ్రీలు అని. గమ్యం మధ్యలో మారినా అప్పటికి ముల్లుకున్న ఊపును పోగొట్టకుండా కొత్త గమ్యం వైపు తిరుగుతుంది. నేనైతే 120తో మొదలుపెట్టి, కళ్ళతో చూసుకుంటూ సరిచేస్తాను.

స్ప్రింగ్ యానిమేషన్ చూసి మనసు పారేసుకోకు. స్ప్రింగ్, డ్యాంపింగ్ (ఊపును అణిచేది) అంకెలు మారుస్తుంటే ఊయల ఊగినట్టు భలే ఉంటుంది, నాకూ ఇష్టమే. మెనూ తెరుచుకోవడానికి పెట్టుకో. స్పీడోమీటర్‌కు మాత్రం వద్దు. 60కి వెళ్ళాల్సిన ముల్లు 63 దాకా పోయి వెనక్కి వస్తుంది. ఆ మూడు కిలోమీటర్లు అబద్ధం. కాలేజీ ప్రాజెక్టులో నువ్వు ప్రతి బటన్‌కూ బంతిలా ఎగిరే అవుట్‌బౌన్స్ పెట్టినప్పుడు నేనేమీ అనలేదు. ఇది రోడ్డు మీద తిరిగే బండి.

తలుపు తెరిచి ఉందని చూపే బొమ్మ, రాత్రి పూట రంగులు మారడం లాంటివాటికి స్టేట్లు (ఏ స్థితిలో ఎలా కనిపించాలి), ట్రాన్సిషన్లు (ఒక స్థితి నుంచి ఇంకోదానికి ఎలా మారాలి) వాడు. వాటి గురించి డాక్యుమెంటేషన్‌లో బాగానే రాశారు, నేను మళ్ళీ చెప్పను.

ఇంకొక్కటి. మ్యాప్ లోడయ్యేటప్పుడు తిరిగే చక్రం మధ్యమధ్యలో ఆగిపోతోందని కూడా అన్నావు కదా. మెయిన్ థ్రెడ్ మ్యాప్‌తో బిజీగా ఉంటే మామూలు యానిమేషన్లన్నీ దానితో పాటే ఆగుతాయి. రొటేషన్ యానిమేటర్ అని వేరే ఉంది, పేరు చివర చూసుకో, యానిమేషన్ కాదు, యానిమేటర్. అది బొమ్మ గీసే రెండరింగ్ థ్రెడ్‌లో నడుస్తుంది, మెయిన్ థ్రెడ్ మునిగిపోయినా తిరుగుతూనే ఉంటుంది. కాకపోతే అది నడుస్తున్నంతసేపూ రొటేషన్ ఎంతుందని అడిగితే సరైన జవాబు రాదు, పనయ్యాకే విలువ రాస్తుంది. ఊరికే తిరిగే చక్రానికి ఆ విలువ ఎవరికి కావాలి? ముల్లుకు మాత్రం పెట్టకు.

బ్రేకు, ఆయిలు హెచ్చరిక లైట్లు మెల్లగా వెలగాలని ఎవరైనా డిజైన్ ఇస్తే ఒప్పుకోకు. కొత్తదానివని నోరు మూసుకోవద్దు. వాహనాల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 పేరు ఎత్తు, గది నిశ్శబ్దం అవుతుంది. వెలగాల్సిన లైటు వెలగాల్సిన క్షణంలో వెలగాలి.

రేపు వెళ్ళగానే మొదట ఆ టైమర్ తీసెయ్. ఇఫ్‌లన్నీ తీసెయ్. బాధగా ఉంటుంది, రెండు రోజుల పని మరి. సీ ప్లస్ ప్లస్ వైపు నుంచి వేగం ఒక్కటే పంపు, కోణం పంపకు. ముల్లు దగ్గర ఆ ఒక్క లైను, దాని కింద బిహేవియర్.

చేతక్ ఇంకా కిందే ఉంది. అమ్మేద్దామంటోంది మీ అమ్మ. నువ్వు సంక్రాంతికి వచ్చేదాకా ఆగమన్నాను.

ఆఫీసులో ఫోన్‌తో వీడియో తియ్యనివ్వరని తెలుసు, పంపక్కర్లేదు. సాయంత్రం ఫోన్ చేసి, మీ అమ్మ లాక్కునేలోపు ఒక్కటి చెప్పు: ముల్లు దూకుతోందా, జారుతోందా?

మీ నాన్న