బహిర్గతమైతే పెరుగుతుందా?

సంపాదక మహాశయా,

బహిర్గత (డామినెంట్) లక్షణాలు తరతరానికీ పెరుగుతాయని, అంతర్గత (రిసెసివ్) లక్షణాలు మెల్లగా మాయమవుతాయని చాలామంది రాస్తున్నారు. జీవశాస్త్రం చెప్పే టీచర్‌గా ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను. బ్రిటిష్ గణితవేత్త హార్డీ, జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్ 1908లోనే వేర్వేరుగా ఇది తప్పని తేల్చేశారు. జనాభా చాలా పెద్దదై, జతలు యాదృచ్ఛికంగా కుదిరి, ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో కొత్తగా వచ్చే మార్పులు), వలసలు, ప్రకృతి వరణం (అనువైన లక్షణాలున్నవారే ఎక్కువగా బతికి సంతానం కనడం) లేకపోతే జన్యువుల నిష్పత్తి తరాలు గడిచినా మారదు. ప్రతి మనిషిలో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు (కాపీలు) ఉంటాయి. బహిర్గతం అంటే ఒక్క ప్రతి ఉన్నా లక్షణం పైకి కనిపించడం, అంతర్గతం అంటే రెండు ప్రతులూ ఉంటేనే కనిపించడం, అంతే.

లెక్క వేసి చూడండి. ఒక అంతర్గత జన్యువ్యాధి 10,000 మందిలో ఒకరికి ఉందనుకుందాం. అప్పుడు ఆ జన్యువు పౌనఃపున్యం (మొత్తం ప్రతుల్లో దాని వాటా) 0.01. వాహకులు, అంటే ఒక్క ప్రతి మాత్రమే ఉండి వ్యాధి లేనివారు, ఆ 10,000 మందిలో 198 మంది, అంటే దాదాపు 50 మందిలో ఒకరు! వాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఆ జన్యువు ప్రతులు మొత్తం 200 ఉంటే రోగిలో ఉన్నవి రెండే. రోగులు పిల్లల్ని కనకుండా ఆపితే వ్యాధి పోతుందనే వాదన క్రూరమైనదే కాదు, లెక్కకు కూడా నిలవదు.

పైగా ప్రతి ‘చెడ్డ’ జన్యువూ పూర్తిగా చెడ్డది కాదు. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. మలేరియా ప్రాంతాల్లో అది నిలిచిపోయింది అందుకే.

జన్యువ్యాధుల వార్తల్లో రోగుల సంఖ్యతో పాటు వాహకుల అంచనా కూడా దయచేసి వేయండి.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు