టైప్ రేటింగ్ ఒక్కటీ చేతిలో ఉంటే యూరప్ పిలవదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ కెరీర్ పేజీలో పైలట్ ఉద్యోగాల మీద వచ్చిన కథనం చదివి మొదట ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఈ వారమంతా ఆ కటింగ్ పట్టుకుని తల్లిదండ్రులు మా ఇన్‌స్టిట్యూట్‌కి వస్తూనే ఉన్నారు. ఇక రాయక తప్పలేదు. ఇక్కడ ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్, అంటే ఆ విమానం నడిపే అనుమతి, సంపాదించి, దాన్ని యూరప్ లైసెన్సు మీదకి ఎక్కించుకుంటే చాలు, అక్కడి ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగం వచ్చినట్టేనని రాశారు. ఎవరిని అడిగి రాశారో చెప్పగలరా? అదే పేజీలో కింద ఒక కన్సల్టెన్సీ ప్రకటన ఉంది. ప్రకటనలో మాటలే కథనంలోనూ ఉన్నాయి.

నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్లుగా పైలట్ పరీక్షలకు నావిగేషన్, మెటియరాలజీ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు తాము ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కులు చూడటం నా రోజువారీ పని. అందుకే చెబుతున్నాను, ఆ కథనంలో అసలు విషయమే లేదు.

టైప్ రేటింగ్ అంటే ఒక రకం పెద్ద విమానం నడపడానికి లైసెన్సు మీద విడిగా రాసి ఇచ్చే అనుమతి. యూరప్ బయటి దేశాల లైసెన్సు మీద ఉన్న టైప్ రేటింగ్‌ను తమ లైసెన్సులోకి ఎలా తీసుకోవాలో యూరోపియన్ యూనియన్ 2020 నాటి 723వ నంబరు నిబంధనలో స్పష్టంగా రాసుకుంది. దరఖాస్తు చేసే నాటికి ఆ రేటింగ్ చెల్లుబాటులో ఉండాలి. ఈ మధ్యకాలంలో విమానం నడుపుతూ ఉండాలి. వాళ్ల ఎగ్జామినర్ ముందు స్కిల్ టెస్ట్ పాస్ కావాలి. అన్నిటికీ మించి, ఆ రకం విమానం మీదే పైలట్‌గా కనీసం 500 గంటలు ఎగిరి ఉండాలి. నేల మీదే విమానం నడిపిన అనుభవమిచ్చే సిమ్యులేటర్‌లో కూర్చున్న గంటలు ఇందులోకి రావు.

ఈ 500 గంటల సంగతి మీ కథనంలో ఒక్క వాక్యంలోనైనా లేదు. ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం ఉన్న కో-పైలట్‌కి ఏడాది అటూ ఇటూగా ఆ గంటలు వచ్చేస్తాయి. మరి సొంత డబ్బుతో రేటింగ్ చేసి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న కుర్రాడి మాటేమిటి? అలాంటి లాగ్‌బుక్ మొన్ననే చూశాను. మొదటి పేజీల నిండా సెస్నా అనే చిన్న శిక్షణ విమానం గంటలు, చివర్లో సిమ్యులేటర్ సెషన్లు, వాటి కింద ఏ320 మీద బేస్ ట్రైనింగ్‌లో, అంటే అసలు విమానంతో ఇచ్చే శిక్షణలో, చేసిన కొద్దిపాటి ల్యాండింగులు. ఆ తర్వాత అన్నీ ఖాళీ గీతలే. ఆ రేటింగ్ చెల్లుబాటు కూడా ఎప్పుడో దాటిపోయింది. వాళ్ల నాన్నగారు రెండెకరాలు అమ్మి చేయించిన కోర్సు అది. ఈ లాగ్‌బుక్‌తో యూరప్ వెళితే ఆ రేటింగ్‌కి విలువే లేదు, అక్కడి ట్రైనింగ్ సంస్థలో కోర్సు మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే. ఈ మాట నేను చెబుతుంటే ఆయన మీ పేపర్ కటింగ్ తీసి నా బల్ల మీద పెట్టారు. ఏం సమాధానం చెప్పమంటారు?

పోనీ 500 గంటలూ ఉన్నాయనుకుందాం. రేటింగ్ ఎక్కించడానికి ముందు అసలు యూరప్ లైసెన్సు ఉండాలి కదా! దానికి థియరీ పరీక్షలు 13. ఒక్కో దాంట్లో 75 శాతం రావాలి. మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ పరీక్షల్లో మనకు 70 శాతం చాలు. మొదటిసారి తీసుకునే క్లాస్ 1 మెడికల్, అంటే పైలట్ ఆరోగ్య పరీక్ష, వాళ్లు గుర్తించిన ఏరోమెడికల్ సెంటర్‌లోనే చేయించుకోవాలి. విమానం అదుపు తప్పే స్థితి నుంచి బయటపడే అడ్వాన్స్‌డ్ శిక్షణ, ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే శిక్షణ, వాటి ఖర్చు వేరే. ఇవన్నీ పూర్తయ్యాక కూడా అక్కడ పనిచేసే హక్కు, అంటే వర్క్ పర్మిట్, లైసెన్సుతో పాటు రాదు. కన్సల్టెన్సీలు చివరి దాకా దాచిపెట్టేది దీన్నే.

ఇది మనవాళ్ల మీద వివక్ష అని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. బ్రిటన్ సంగతే చూడండి. ఆ నిబంధనల కిందే ఏళ్ల తరబడి విమానాలు నడిపిన దేశం. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి 1 నుంచి, దాని లైసెన్సు కూడా యూరప్‌కి పరాయి లైసెన్సే అయిపోయింది. గడువు ముంచుకొస్తుంటే అక్కడి పైలట్లు తమ లైసెన్సుల్ని ఐర్లాండ్‌కీ ఆస్ట్రియాకీ మార్పించుకోవడానికి పరుగులు పెట్టారు. అమెరికాతో యూరప్ చేసుకున్న లైసెన్సుల ఒప్పందం కూడా ప్రైవేట్ పైలట్ల వరకే, ఎయిర్‌లైన్ పైలట్లకు వర్తించదు. మనమైనా అంతే కదా, అమెరికాలో సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, చేసి వచ్చిన పిల్లల చేత మళ్లీ డీజీసీఏ పరీక్షలు రాయిస్తున్నాం. ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన విషయంలో ఏ దేశమైనా తన పరీక్ష తాను పెట్టుకుంటుంది. దాన్ని నేను తప్పు పట్టను.

తప్పు ఇక్కడే ఉంది. కాలేజీ గేటు దగ్గర కరపత్రాలు పంచి, హోటల్ హాల్లో సెమినార్ పెట్టి, అడ్వాన్సు రసీదు చేతిలో పెట్టేదాకా 500 గంటల మాటెత్తని వాళ్లను అడిగే నాథుడు లేడు. ఇంజనీరింగ్ సీట్లకు, మెడికల్ సీట్లకు ఫీజుల కమిటీలున్నాయి. లక్షలకు లక్షలు పోసే ఈ కోర్సుల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ పట్టదు. ఒక అధికారిని కలిసి అడిగితే ఇది మా పరిధిలోది కాదన్నారు. మరొకరు ఢిల్లీకి రాయమన్నారు. రాశాను, జవాబు లేదు. ఇక పత్రికలు! ఒకప్పుడు ఇలాంటి కథనం వేసే ముందు విషయం తెలిసినవాళ్లకు ఒక ఫోన్ వచ్చేది. ఇప్పుడు ఆ అలవాటే పోయింది. నలభై ఏళ్లుగా మీ పత్రిక తెప్పించుకుంటున్న ఇంట్లోంచి రాస్తున్నాను, అందుకే ఇంత బాధ.

పౌర విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం మనిషి. ఆయనకు నా విన్నపం ఒక్కటే. సొంత ఖర్చుతో టైప్ రేటింగ్ చేసినవాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో ప్రతి శిక్షణ సంస్థా ఏటా బయటపెట్టేలా చూడండి. విదేశీ లైసెన్సుల పేరుతో వేసే ప్రకటనల్లో షరతులన్నీ అదే సైజు అక్షరాల్లో ఉండాలని ఆదేశించండి. డీజీసీఏ వెబ్‌సైట్‌లో తెలుగులో ఒక పేజీ పెట్టించినా ఎంతో మేలు.

మీ వంతుగా మీరు చేయాల్సింది సవరణ వేయడం. అదే కెరీర్ పేజీలో, అంత జాగాలోనే, 500 గంటల షరతు, 13 పరీక్షలు, వర్క్ పర్మిట్ సంగతి రాయండి. ఇంటర్ ఫలితాలు వచ్చేలోపే వేయండి, కన్సల్టెన్సీలు అడ్వాన్సులు వసూలు చేసేది అప్పుడే.

— ఒక గ్రౌండ్ స్కూల్ అధ్యాపకుడు, సికింద్రాబాద్