పెట్టె ఏదీ బాబూ?

అనకాపల్లి,
23-6-2024, ఆదివారం.

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోప్పడకురా. ఎన్నికల డ్యూటీ, అది కాగానే బడులు తెరవడం, అస్సలు తీరిక లేదు. అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చిన్నది ఇంటర్‌లో చేరింది. చెరుకుబండి సంగతి నువ్వు వచ్చినప్పుడే, కాగితం మీద పెట్టకూడదు!

అసలు రాయాల్సింది వేరే ఉంది. ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

మే 13న నాకు ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. ఊరి పేరు అడక్కు. పొద్దున్న ఏజెంట్ల ముందు మాక్ పోల్, ఏడింటికి పోలింగ్ మొదలు. సాయంత్రం ఆరయ్యేసరికి ఇంకా నూటయాభై మంది పైనే లైన్లో ఉన్నారు. రూలు ప్రకారం చివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకి చీటీలు ఇచ్చుకుంటూ వచ్చాం. ఆ మొదటి చీటీ ఒక ముసలావిడకి ఇచ్చాను. డెబ్భై ఉంటాయి. హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోందట. బస్సు దిగి, సంచీతో సహా తిన్నగా బడికే వచ్చేసింది.

పెద్దవాళ్లని ముందు పంపమని చెప్పి లోపలికి పిలిపించాను. మొదటి ఆఫీసరు జాబితాలో పేరు చూసి, తలెత్తి నా వైపు చూశాడు. ఆవిడ పేరు కింద అప్పటికే గీత ఉంది. రిజిస్టరు తిప్పితే ఆవిడ నంబరు ఎదురుగా వేలిముద్ర. నీలం సిరా, కొంచెం అలుక్కుపోయి. ఎవరిదో.

ఆవిడ ఎడమచేతి చూపుడు వేలు చాపింది. ఇంకు చుక్క లేదురా. కార్డు చూశాను, అడగాల్సినవి అడిగాను, అన్నీ సరిగ్గా చెప్పింది. ఏజెంట్లలో ఇద్దరు ఆవిడే అన్నారు. మూడోవాడు తలెత్తలేదు. ఊళ్లో లేనివాళ్లు ఎవరో వాళ్లకి తెలియదూ?

"నా ఓటు ఎవులేసినారు బాబూ?" అంది. గొంతు పెంచలేదు. నా బూత్‌లో, నా కళ్ల ముందే జరిగింది. ఏం చెప్పను?

ఇలాంటప్పుడు టెండర్డ్ ఓటు ఇవ్వాలి. మెషిన్ కాదు, కాగితం. పార్లమెంటుకి తెల్లది, అసెంబ్లీకి గులాబీది, ముద్ర వేసుకోవడానికి రబ్బరు స్టాంపు. వాటిని చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది రమణా! "ఇదే కదా అసలు ఓటు, మా కాలంలో ఇలాగే ఏసేవోళ్లం" అంటూ అట్ట చాటుకి వెళ్లింది. ముద్ర పక్కగడిలో అంటకుండా చూసుకుని, జాగ్రత్తగా మడిచి తెచ్చింది. అటూ ఇటూ చూసి, "పెట్టె ఏదీ బాబూ?" అంది.

పెట్టె లేదు. కవరే ఉంది. అందులో పెట్టాను. "లెక్కేస్తారు కదా?"

"భద్రంగా పంపిస్తానమ్మా" అన్నాను.

అడిగింది అది కాదు కదా. కోర్టు ఆదేశిస్తే తప్ప ఆ కవరు విప్పరు. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేకపోయాను. ఇప్పటికీ అన్నం దగ్గర కూర్చుంటే ఆ కళ్లే గుర్తొస్తున్నాయి.

మన రాష్ట్రంలో 81.86 శాతం పోలింగ్ అయిందని అందరూ సంబరపడుతున్నారు. నాకూ సంతోషమేరా, అర్ధరాత్రి దాటినా లైన్లో నిలబడ్డవాళ్లని చూశాం. కానీ ఆ అంకెలో ఆ దొంగ వేలిముద్ర కూడా ఉంది. ఆవిడ మాత్రం లేదు. స్టాఫ్‌రూమ్‌లో చెప్తే, "ఒక్క ఓటుతో ఏం మారిపోతుందండీ, మెజారిటీలు వేలల్లో ఉన్నాయి" అన్నారు. ఒళ్లు మండింది. 1989లో మన అనకాపల్లి ఎంపీ సీటు 9 ఓట్లతో తేలలేదూ? మీ నాన్నగారు మనిద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి చేతివేళ్లు మడిచి తొమ్మిది లెక్కపెట్టించారు, గుర్తుందా? అయినా తొమ్మిదా, తొంభై వేలా అన్నది కాదురా, ఆవిడ ఆ సంచీ మోసుకుని...

ఆవిడ ఇంకా ఊళ్లోనే ఉందట, కనుక్కున్నాను. వెళ్లి నిజం చెప్పేయనా? చెబితే మళ్లీ ఓటుకి వస్తుందా? చెప్పకపోతే నేనెలా...

అమ్మ పిలుస్తోంది, కంట్లో చుక్కలు వేసే టైమైంది. నువ్వయితే ఏం చేసేవాడివో వెంటనే రాయి. ఫోన్ చెయ్యకు, రాయి.

నీ
సూరి